నల్ల

చండూరు అంగడి తొవ్వల
ఇరవై రెండేండ్ల సంది నాది మందుల దుకానం.
కిర్రుమనే పంకా ఒకటి,
ఉద్దెర రాసుకునే ఎర్ర బుక్కు ఒకటి.

ఈదమ్మ తెల్లారకముందే వచ్చేది.
మోకాళ్ళు వంగని మనిషి,
నా దుకానం మెట్టు పక్కకు తిరిగి ఎక్కేది.
ముప్పై ఏండ్లు బోరు నీళ్ళు తాగిన బొక్కలు,
ఎండకు బిగుసుకపోయిన తోలు లెక్క.
"ఆ తెల్ల గోలీలియ్యి కొడుకా, పది.
పత్తి ఏరవోవాలె."
ఇచ్చేటోన్ని.
చీటీ నేనడగలే, ఆమె చూపలే.
గోలీ లోపల పడ్డంక నొప్పి పండుకునేది,
ఆమె లేచేది.
గంతే నాకు తెలిసిన వైద్యం.

తిని వేసుకొమ్మని చెప్పిన్నా?
చెప్పిన. గిరాకి లేనప్పుడు చెప్పిన.
ఆరింటికి కూలి ఆటో ఎక్కేటామె
ఏం తిని వేసుకుంటది?
చాయ్‌ల ముంచిన బన్ను ముక్క.

పెంటయ్యది వేరే కత.
సీసాలు తాగి తాగి కార్జం రాయైంది,
నెత్తురుకు తొవ్వ దొరకక
గొంతు కింది నరాలు ఉబ్బినయి.
చెల్లె బిడ్డ పెండ్లిల, బంతి మీదనే,
తాంబాలం నిండ ఎర్రగ కక్కిండు.
పదిమంది ఉరికిండ్రు, అంబులెన్సు వచ్చింది.
కనగల్ దాటలే.

ఎర్రదైతే అందరు ఉరుకుతరు.
నల్లదైతే ఎవ్వరికి చెప్తరు?

ఈదమ్మకు నాలుగొద్దులు నల్లగ పోయింది,
తారు లెక్క, జిగటగ, ఎన్నడు లేని వాసనతోని.
చీకట్ల పోయి చీకట్లనే వచ్చేటామె.
సిస్టరమ్మ ఇచ్చిన రక్తం గోలీలకేమో అనుకున్నదట.
కోడలికి చెప్ప సిగ్గు,
కొడుకుకు చెప్తే కూలికి పోనియ్యడు.

ఐదోనాడు నా కౌంటరు పట్టుకొని నిలవడ్డది.
గోర్లు ఆమె ఏరే పత్తి లెక్కనే తెల్లగున్నయి.
"కండ్లు తిరుగుతున్నయిరా,
బలానికేమన్న ఇయ్యి."
టానిక్ సీస ఇచ్చిన.
నూటా ఇరవై.
బుక్కుల రాసిన.

కడుపుల నెత్తురు కారుతున్న మనిషికి
టానిక్ అమ్మిన్నేను.

మెట్టు దిగుతనే కూలింది.

నల్లగొండ పెద్ద దవాఖానల
నోట్లకెళ్ళి దీపమున్న పైపు దించిండ్రు.
చిన్న వయసు డాక్టరమ్మ, నిద్ర లేని కండ్లు,
టీవీల చూపెట్టింది:
అలుకు పెచ్చులూడిన గోడ అసొంటి కడుపు,
నడుమ అగ్గిపుల్ల తలకాయంత పుండు,
అండ్ల ఒక నరం,
బుడుక్కు బుడుక్కున.
"ఏం గోలీలు వేసుకుంటది?" అన్నది.
మల్సూరు, ఆమె కొడుకు, నా దిక్కు చూసిండు.
నేను పేరు చెప్పిన.
ఎన్నేండ్ల సంది అంటే
లెక్క తెలిసినోన్ని నేనొక్కన్నే.

సన్నని క్లిప్పు ఒకటి పెట్టి మూసిండ్రు.
మూడు సీసల నెత్తురెక్కింది.
నేనూ ఇచ్చిన. గ్రూపు కలవలే,
నాది ఎవరికి పోయిందో.

బతికింది.
ఆ గోలీ ఇగ ముట్టొద్దన్నరు.
మరి మోకాళ్ళు?
ఇప్పుడు వాకిట్ల నల్లా ఉన్నది,
కిష్ట నీళ్ళొస్తయి.
నీళ్ళు మారినయి, బొక్కలు మారలే.

నెల దాటినంక వచ్చింది, కట్టె పట్టుకొని.
కొంగు ముడి ఇప్పి
టానిక్ పైసలు లెక్కవెట్టింది.
వద్దంటే కోపానికొచ్చింది:
"తాగిన గదరా!"
తీసుకున్న. బుక్కుల కొట్టేసిన.
ఆ పేజీ మాత్రం చింపలే.

గిప్పుడు నొప్పుల గోలీలకొచ్చినోల్లను
మొదాలు ఒక్కటే అడుగుతున్న,
ఏ రంగుల పోతుందని.
ముసిముసి నవ్వుతరు.
దుకాన్ల అడిగే ముచ్చటేనా ఇది అని
ముక్కు మూసుకుంటరు.

నిన్న ఒకామె
నవ్వలే.